మెయిన్ స్విచ్ మీద అత్తమ్మ చెయ్యి

లైన్‌మెన్ పెళ్ళాన్నని చెప్పుకుంటే ఊళ్ళో అందరూ ఒకటే అనుకుంటారు, ఈమె ఇంట్లో కరెంటు ఎప్పుడూ పోదని. దీపం కిందే చీకటి అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళ ఇల్లు మా వాడకట్టులోనే ఉండి ఉంటుంది. గాలివాన వచ్చి మా పెద్దవంగర మొత్తం చీకటైందనుకోండి. మా ఆయన ఎల్లేశం ముందు దవాఖాన లైను చూస్తాడు, తర్వాత రైస్ మిల్లు లైను చూస్తాడు, ఆ తర్వాత ఫోన్ చేసి తిట్టినవాళ్ళ లైన్లు వరసగా చూస్తాడు. నేను ఇంటికొచ్చాక ఎలాగూ తిడతాను కాబట్టి మా స్తంభం ఆఖరున వస్తుంది.

ఈలోగా నా ఫ్రీజర్ కన్నీళ్ళు పెట్టుకుంటుంది. ఇంటి ముందరి గదిలో నాకొక చిన్న కొట్టుంది. పాల ఐసులు, కుల్ఫీలు, పెరుగు డబ్బాలు అమ్ముతాను. పాలు మరగబెట్టి, అచ్చుల్లో పోసి, పుల్లలు గుచ్చేది అంతా నేనే. ఎండాకాలం నాకు సీజను. గాలివానలకూ అదే సీజను. పోయిన వేసవిలో కరిగిన కుల్ఫీని గిన్నెల్లో పోసి పిల్లలకు పంచితే, మళ్ళీ గాలివాన రావాలని వాళ్ళు మొక్కుకున్నారట. ఈ ఏడు కూడా అదే జరిగితే ఫ్రీజర్ అమ్మేసి కొట్టు మూసేస్తానని ఉగాది నాడే ఇంట్లో చెప్పేశాను. పచ్చడి చేదుగా ఉందని ఎవరూ నా మాట పట్టించుకోలేదు.

పట్టించుకున్నది మా తమ్ముడు వేణు ఒక్కడే. వాడిది చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని. పొద్దంతా బొగ్గు మసిలో తిరిగేవాడు, పండగకు వచ్చి మా డాబా మీద నిలబడి సూర్యుణ్ణి చూపించాడు.

"అక్కా, మీద సోలార్ పలకలు పెట్టిద్దాం. కింద బ్యాటరీ. కరెంటు పోయినా నీ ఫ్రీజర్ ఆగది."

అన్నాల దగ్గర అదే మాట ఎత్తితే, మా ఆయన అన్నం కలుపుతూనే తల అడ్డంగా ఊపాడు.

"అట్లెట్ల నడుస్తది బామ్మర్దీ? లైను మీద కరెంటు పోంగనే సోలార్ గూడ బందు గావాలె, గది రూలు. లేకుంటే మన ఇంట్ల కరెంటు ఎనకకు మర్లి తీగలకెక్కుతది. లైను సచ్చిందనుకొని నేను స్తంభం ఎక్కుత. గప్పుడు సచ్చేది లైను గాదు, నేను."

వేణు పలకల మాట అక్కడితో వదిలేశాడు. మా ఇంట్లో పెద్దులన్న సంగతి తెలియని వాళ్ళు లేరు.

పెద్దులన్నా మా ఆయనా ఒకప్పుడు జోడు. ఒకరు స్తంభం మీదుంటే ఒకరు కింద ఉండేవారు. ఒకసారి గాలికి తీగ తెగితే పెద్దులన్న ఎక్కాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకేశారు, లైను చచ్చిందన్నారు. అవతలి వాడలో పెళ్ళి టెంటు వాళ్ళు అదే సమయంలో జనరేటర్ వేసుకున్నారు. దాన్ని సరిగా విడదీయకుండా ఇంటి వైర్లకే కలిపారు. ఆ కరెంటు వెనక్కి ఎక్కి తీగలో నిలబడింది. పెద్దులన్న బతికాడు గానీ కుడిచేతి వేళ్ళు కొంకర్లు తిరిగిపోయాయి. ఇప్పుడు సబ్ స్టేషన్‌లో కాపలా డ్యూటీ చేస్తాడు. పలకరిస్తే నవ్వుతాడు, ఆ చేతిని మాత్రం తువ్వాలలో దాచుకుంటాడు.

ఆ రోజు నుంచి మా అత్తమ్మ లచ్చవ్వకు ఒక అలవాటు పట్టుకుంది. కొడుకు ఊళ్ళో ఏ స్తంభం ఎక్కుతున్నాడని తెలిసినా సరే, ఇంట్లో మెయిన్ స్విచ్ దించేస్తుంది. తలుపు వెనక గోడకు ఉంటుంది ఆ స్విచ్. దాని కింద కుర్చీ వేసుకుని, కొడుకు దిగాడని కబురు వచ్చేదాకా అక్కడే కూర్చుంటుంది. మొదట్లో వీధిలోకి వెళ్ళి అందరి ఇన్వర్టర్లూ బందు చేయించేది. "నా కొడుకు స్తంభం మీదున్నడు, స్విచ్చులు దించుండ్రి!" అని ఆమె కేకేస్తే టీవీలో సీరియల్ చూసేవాళ్ళు కూడా దించేసేవారు. మోకాళ్ళ నొప్పులొచ్చాక వీధి వదిలేసింది, ఇంటిది మాత్రం వదల్లేదు. దేవుడికి దీపం పెట్టడం మరిచిపోతుందేమో గానీ స్విచ్ దించడం మరిచిపోదు.

నెల తిరక్కుండా వేణు మళ్ళీ ఫోన్ చేశాడు. కొత్త వస్తువు ఒకటి వచ్చిందట. మీటరుకూ గోడ మీది బోర్డుకూ మధ్యలో ఇమిడే గుండ్రటి డబ్బా. మీటరు మెడకు తొడిగినట్టు ఉంటుంది కాబట్టి కాలర్ అంటారు. సోలార్ వైరు నేరుగా దానికే తగిలిస్తారు, ఇంటి వైరింగు పగలగొట్టే పని లేదు. అసలు సంగతి వేరే ఉంది. లైను మీద కరెంటు పోగానే ఆ కాలర్ తనంతట తానే ఇంటికీ స్తంభానికీ మధ్య దారి మూసేస్తుంది, తలుపుకు గడియ పెట్టినట్టు. లోపల సోలార్ నడుస్తుంది, బయటికి చుక్క కరెంటు పోదు.

"మీటరుకు కంటె చేపిస్తున్నవా కోడలా? నా మెడల పూసలు తెగి ఏడాదాయె, జర గది గూడ సూడు," అంది అత్తమ్మ. మేమంతా నవ్వాం. ఆ కాలర్ ఏం చేస్తుందో ఆమెకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

అయితే దాన్ని కొని తగిలించుకుంటే సరిపోదు, కరెంటు ఆఫీసు ఒప్పుకోవాలి. మా దిక్కు ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు కాబట్టి నా దరఖాస్తు చూసి అందరికీ భయమే. కాగితం ఇక్కడి నుంచి మానుకోట పెద్దాఫీసుకు పోయింది, అక్కడి నుంచి వెనక్కి వచ్చింది. జనగామలో ఒక బట్టల దుకాణం వాళ్ళింటికి పెట్టారట, వాళ్ళది ఎట్లుందో చూసి చెప్తామన్నారు. ఆ దుకాణం వాళ్ళేమో పెద్దవంగరలో ఎట్లుందో చూసి చెప్తామన్నారట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి వచ్చేసరికి ఇంట్లోనే ఓడిపోయాను. స్థానిక లైన్‌మెన్ రిపోర్టు కావాలన్నారు, ఆ లైన్‌మెన్ మా ఆయనే.

"నేను రాయ," అన్నాడు ఆయన.

"ఎందుకు రాయవ్?"

"నా కండ్లతోని చూడకుండ ఎట్ల రాస్తనే?"

మాట న్యాయమైనదే. న్యాయమైన మాటకే నాకు ఎక్కువ కోపం వస్తుంది. వారం పాటు ఆయనకు పచ్చిపులుసు తప్ప మరో కూర చేయలేదు.

చివరికి ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఇంజనీరు మేడం మధ్యేమార్గం చెప్పింది. ఆమె పేరు నిఖిత, జనగామ పిల్ల. చిన్న వయసు, పెద్ద కళ్ళద్దాలు. పలకలూ బ్యాటరీతో పాటు కాలర్ తాత్కాలికంగా పెట్టించి అందరి ముందూ పరీక్ష చేద్దామంది. పాసైతే సీలు వేసి ఒప్పుకుంటుంది, ఫెయిలైతే అదే రోజు పీకించేస్తుంది. ఇక ఆ తర్వాత మన సెక్షన్ ఊళ్ళలో ఎవరికీ కాలర్ మాటే ఉండదంది.

పరీక్ష రోజున మా ఇంటి ముందు కొమురెల్లి జాతరంత జనం. నా కొట్టులో పొద్దున్నే సరుకు అయిపోయింది. పెద్దులన్న కూడా వచ్చి అరుగు చివరన నిలబడ్డాడు. మేడం అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పింది.

"ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకుతం. ఇంట్ల లైటు వెలగాలె. తీగ మీద కరెంటు ఉండొద్దు. రెండు ఒక్కసారే జరగాలె. ఎల్లేశం అన్న స్తంభమెక్కి చూసి చెప్తడు."

వెలుగు అందరికీ కనబడాలని అరుగు మీద ఒక బల్బు వేలాడదీశాం. వేణు బ్యాటరీ దగ్గర నిలబడ్డాడు. పలకల మీద దుమ్ము ఉందేమోనని నేను తడిగుడ్డ పట్టుకుని డాబా ఎక్కాను. అక్కడి నుంచి జనం తలలు కనబడతాయి గానీ కింద బల్బు కనబడదు.

మా ఆయన ఫ్యూజులు పీకి, ఎప్పటిలాగే చొక్కా జేబులో వేసుకుని బొత్తం పెట్టుకున్నాడు. పెద్దులన్న సంగతి జరిగినప్పటి నుంచీ ఫ్యూజులు ఆయన జేబులోనే ఉంటాయి, ఎవరి చేతికీ ఇవ్వడు. వాడకట్టులో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. కింద చప్పట్లు వినబడ్డాయి. మా బల్బు వెలుగుతోందన్నమాట! నేను పైన తడిగుడ్డ పట్టుకునే ఎగిరాను.

ఆయన నడుముకు తాడు కట్టుకుని స్తంభం ఎక్కడం మొదలుపెట్టాడో లేదో, కింద జనం "అరెరే" అన్నారు.

బల్బు ఆరిపోయిందట.

మేడం ఆయనను దిగమంది. అందరూ కలిసి అరుగు మీదికి వచ్చేసరికి బల్బు నిక్షేపంగా వెలుగుతోంది. వేణు వైర్లన్నీ ఊపి చూశాడు, బ్యాటరీకి దండం పెట్టాడు. మళ్ళీ మొదలుపెట్టారు. బల్బు వెలిగింది. ఆయన స్తంభం ఎక్కాడు. బల్బు ఆరింది. ఆయన దిగాడు. బల్బు వెలిగింది.

"ఎల్లేశం మీద ఆ బల్బుకు ఏం పగరా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేను పిట్టగోడ మీంచి కిందికి వంగాను.

మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇంటి లోడు ఆగుతలేదు వేణూ. జరసేపు నడిచి పడిపోతంది. గిట్లయితే నేను పాస్ చెయ్యలేను. ఇంకొక్కసారి చూస్త, గంతే," అంది.

ఆ మాట పైకి వినబడింది. ఈ వేసవి కూడా పోయినట్టే. ఆ దిక్కుమాలిన కాలర్‌ను నేనే పీకి పారేద్దామని వెనక మెట్ల నుంచి దిగి, వంటింట్లోంచి ముందరి గదిలోకి వచ్చాను. సరిగ్గా అప్పుడే బయట ఆయన మూడోసారి స్తంభం ఎక్కుతున్నాడు.

తలుపు వెనక అత్తమ్మ కుర్చీలోంచి లేచింది. చెయ్యి ఎత్తింది. మెయిన్ స్విచ్ టక్కున దించి, మళ్ళీ కూర్చుంది. నా ఫ్రీజర్ మూలిగి ఆగిపోయింది.

నన్ను చూసి, "దిగిండా?" అని అడిగింది.

"ఎంత పని జేసినవ్ అత్తమ్మా!" అని అరిచాను. నా అరుపుకు బయట స్తంభం మీద ఆయన కూడా ఆగిపోయాడట.

"ఏం జేసిన? రోజూ జేసేదే గద," అంది ఆమె.

నిజమే, రోజూ చేసేదే. ఇన్నేళ్ళుగా చూస్తూ చూస్తూ, గోడ గడియారం చప్పుడు వినబడనట్టు ఆ స్విచ్ చప్పుడు మాకెవరికీ వినబడటం మానేసింది. కాలర్ గురించి నేను ఊరంతా చెప్పాను. కిరాణం కొట్లో చెప్పాను, బస్సులో చెప్పాను. స్విచ్ కాపలా కాసే మనిషికి మాత్రం చెప్పలేదు.

అందరూ లోపలికి వచ్చారు. సంగతి తెలిసి వేణు నేల మీద కూలబడి నవ్వాడు. మేడం కూడా నవ్వింది, ఊపిరి పీల్చుకుంది.

"అయితే డబ్బా మంచిగనే ఉన్నది. అవ్వను జర అరుగు మీద కూసోపెట్టుండ్రి. ఇంకోసారి చూద్దాం."

"నేను లెవ్వ," అంది అత్తమ్మ.

"అవ్వా, లే. మేడం పనంత ఇడిసిపెట్టి వచ్చింది," అన్నాడు మా ఆయన.

"పెద్దులు ఎక్కినప్పుడు గూడ గిట్లనే జెప్పిండ్రు గదరా. లైను సచ్చింది, ఏం గాదు, ఎక్కు అని."

గడప దగ్గర పెద్దులన్న తువ్వాలను ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. అత్తమ్మ మీద వచ్చిన కోపం ఎటు పోయిందో నాకు తెలియలేదు. కొట్టు లేకపోతే నాకు ఇంకో పని దొరుకుతుంది. ఆమెకు ఉన్నది ఒక్క కొడుకు.

అత్తమ్మ మేడం వైపు తిరిగింది.

"గీ కంటె మంచిదని రాసేది ఎవలు బిడ్డా?"

"నేనే అవ్వా."

"ఏ చేతితోని రాస్తవు?"

మేడం కుడిచెయ్యి చూపించింది.

"గా చెయ్యి ముందుగాల తీగ మీద పెట్టు. ఇంట్ల లైటు ఎలుగుతుండంగనే పెట్టు. గప్పుడు నేను స్విచ్చు ఇడుస్త."

"అవ్వా!" అని మా ఆయన కసిరాడు. "మేడం తోని గట్ల మాట్లాడుతరా? అవసరం లేదు మేడం, నేనున్న గద."

మేడం కళ్ళద్దాలు సర్దుకుంది. కాలర్ వైపు ఒకసారి, అత్తమ్మ వైపు ఒకసారి చూసింది. "అవ్వ అడిగిన దాంట్ల తప్పేమున్నది అన్నా? నేను ముట్టుకోలేనిది మీరు ముట్టుకోవచ్చని ఎట్ల రాయాలె?" అంది.

అరుగు మీద మీటరు దగ్గరికి వెళ్ళింది. స్తంభం నుంచి వచ్చే తీగ కాలర్‌లోకి దిగేచోట మూత విప్పించింది. లోపలి నుంచి అత్తమ్మ స్విచ్ ఎత్తింది. బల్బు వెలిగింది, ఫ్రీజర్ గుర్రుమంది. ఇంట్లో కరెంటు ఉంది. కాలర్ అబద్ధమాడితే ఆ కరెంటు ఈ తీగలోకీ వస్తుంది. మేడం ముందుగా కరెంటు కొలిచే చేతి మీటరు పెట్టి చూసింది. ముల్లు కదల్లేదు. చేతికున్న రబ్బరు తొడుగు తీసి పక్కన పెట్టింది.

"ఎనక దిక్కు పెట్టుండ్రి మేడం," అన్నాడు పెద్దులన్న. ఆ రోజు ఆయన నోరు తెరవడం అదే మొదలు. తువ్వాల విప్పి, కొంకర్లు తిరిగిన చేతిని తిప్పి చూపించాడు. "లోపటి దిక్కు పెడితే వేళ్ళు ముడుసుకపోయి పట్టుకుంటయ్. ఎనక దిక్కయితే చెయ్యి ఇసిరేస్తది."

మేడం తల ఊపింది. చేతి వెనక భాగం తీగకు ఆనించింది.

ఏమీ కాలేదు. బల్బు వెలుగుతూనే ఉంది.

అత్తమ్మ గడప దాకా వచ్చి చూస్తోంది. "జరసేపు ఉంచు," అంది.

మేడం ఉంచింది. నవ్వుతూనే ఉంచింది గానీ నుదుటి మీద చెమట కారుతోంది. అత్తమ్మ మెల్లగా దగ్గరికి వెళ్ళి, మేడం చెయ్యి తీగ మీంచి తనే తీసి, తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"సాలు బిడ్డా. ఇగ రాసుకో," అంది.

మా ఆయన స్తంభం ఎక్కాడు. తీగ ముట్టుకున్నాడు. బల్బు ఆరలేదు. వేణు ఈల వేశాడు. మేడం సంతకం పెట్టింది, దాని పక్కనే లైన్‌మెన్ ఎల్లేశం కూడా పెట్టాడు. కాలర్‌కు సీలు పడింది. ఆ రాత్రి ఆయనకు కోడికూర వండాను.

మిరుగుకు, అదే మృగశిర కార్తెకు ముందు ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. మబ్బులకు పొద్దు గూకక ముందే చీకటైంది. పెద్దవంగర మొత్తం ఆరిపోయింది, మా ఇల్లు తప్ప. వాడకట్టంతా ఫోన్లు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చింది, చార్జింగుకు. పిల్లలు మాత్రం ఫ్రీజర్ వైపు దిగులుగా చూశారు, ఏమీ కరగడం లేదని. జాలేసి తలా ఒక పాల ఐసు ఇచ్చాను.

మా ఆయన దవాఖాన లైను చూసి, మిల్లు చూసి, తిట్టినవాళ్ళవన్నీ చూసి ఆఖరున మా స్తంభం దగ్గరికి వచ్చాడు. ఫ్యూజులు జేబులో వేసుకుని ఎక్కాడు. నేను తలుపు వెనక్కి చూశాను. అక్కడ కుర్చీ లేదు. అత్తమ్మ దాన్ని గడప దాకా జరుపుకుని, కొంగు కింద రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఒక చెయ్యి లేస్తే ఇంకో చెయ్యి ఆపుతున్నట్టుంది. పెదాలు మాత్రం ఏదో మొక్కుతున్నాయి.

పైకెక్కిన మనిషి పని మొదలుపెట్టడు, మాట్లాడడు. మా వైపే చూస్తున్నాడు.

"ఏందిరా? ఏమైంది?" అని అత్తమ్మ కేక పెట్టింది.

"ఏం గాలేదవ్వా," అన్నాడు ఆయన పైనుంచి. గొంతు అదోలా ఉంది. "ఇన్నేండ్లల్ల నేను స్తంభమెక్కితే మన ఇల్లు చీకట్లనే ఉండె. మీదికెల్లి ఎన్నడు కనబళ్ళే. ఇయ్యాల కనబడ్తంది. నువ్వు గూడ కనబడ్తున్నవ్."

అత్తమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయి. తుడుచుకోవాలంటే చెయ్యి తీయాలి, అందుకని తుడుచుకోలేదు.

"సూసింది సాలు తియ్, పని జేస్కొని దిగు," అంది.